ఇంటితో పాటు కారు చోటూ కొనాల్సిందేనా?

హైదరాబాద్ మోతీనగర్‌లో చూసినా, విజయవాడ పటమటలో చూసినా, విశాఖ ఎంవీపీ కాలనీలో చూసినా మధ్యతరగతి అపార్టుమెంటు ఒకే తీరున ఉంటుంది. కింద వరుసగా పిల్లర్లు, వాటి మధ్య కార్లు, స్కూటర్లు, ఓ మూల మీటర్ బోర్డులు, ఇంకో మూల వాచ్‌మన్ కుటుంబం సర్దుకునే గది. ఇళ్లన్నీ మొదటి అంతస్తు నుంచే మొదలు. ఏ ఆర్కిటెక్టూ ముచ్చటపడి గీసిన ఆకారం కాదిది. ప్లాను పాస్ కావాలంటే ఇంత పార్కింగ్ చూపించాలని నిబంధన ఉంది. చిన్న స్థలంలో దాన్ని తీర్చడానికి ఉన్న చవకైన దారి, ఇళ్లన్నిటినీ ఒక అంతస్తు పైకెత్తి కింద స్టిల్ట్ వదలడమే.

ఆ నిబంధన అసలు ఉండాలా అని అడిగితే ఎవరైనా ముందు అనే మాట ఒకటే: లేకపోతే కార్లన్నీ రోడ్డు మీదే కదా పెడతారు? ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ నిబంధన ఉండగానే కార్లు రోడ్డు మీద ఉన్నాయన్నది మన కళ్ల ముందున్న సంగతి. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతున్నాయో చూడకుండా పార్కింగ్ గురించి ఏ నిర్ణయం తీసుకున్నా అది గుడ్డిగా తీసుకున్నట్టే.

ముందు లెక్క చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో జీవో 168 కింద భవన నిర్మాణ నిబంధనలు వచ్చాయి. కట్టిన మొత్తం విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలన్నది అందులోని పద్ధతి. శాతం ఊరి స్థాయిని బట్టి, భవనం రకాన్ని బట్టి మారుతుంది. ఢిల్లీ పద్ధతి వేరు. అక్కడి మాస్టర్ ప్లాన్ 2021 ప్రకారం గ్రూప్ హౌసింగ్‌లో, అంటే అపార్టుమెంట్ల సముదాయాల్లో, ప్రతి 100 చదరపు మీటర్ల నిర్మాణానికి రెండు కార్ల చోటు చూపించాలి. కారు నిలిచే గడి చిన్నదే, రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు. కానీ కారు లోపలికి రావాలి, తిరగాలి, బయటికి పోవాలి. ఆ దారంతా కలుపుకుంటే స్టిల్ట్‌లో ఒక్కో కారుకు 28 చదరపు మీటర్లు, సెల్లార్‌లో 32 చదరపు మీటర్లు పడుతుందని ఢిల్లీ ప్లానే లెక్కగడుతుంది. అంటే 100 చదరపు మీటర్ల ఇంటికి సెల్లార్‌లో 64 చదరపు మీటర్ల కార్ల గది. మనుషులు ఉండే చోటుకు దాదాపు మూడింట రెండు వంతులంత చోటు అదనంగా కార్లకే కట్టాలి.

ఇప్పుడు మన ఊళ్లో 300 గజాల స్థలం తీసుకోండి. అంటే 250 చదరపు మీటర్లు. చుట్టూ ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లు పోగా కట్టుకోవడానికి ఓ 155 చదరపు మీటర్లు మిగిలిందనుకుందాం. పైన ఐదంతస్తులు, అంతస్తుకు రెండు ఫ్లాట్లు, మొత్తం పది ఇళ్లు. కింద స్టిల్ట్‌లో మెట్లు, లిఫ్టు, వాచ్‌మన్ గది లేవనే అనుకున్నా, 155ను 28తో భాగిస్తే వచ్చేది ఐదున్నర. పది ఇళ్లకు ఐదారు కార్ల చోటు. అయినా బ్రోచర్‌లో ప్రతి ఫ్లాటుకూ 'కార్ పార్కింగ్ కలదు' అనే ఉంటుంది. ఎలా కుదురుతుందంటే, కారు వెనక కారు పెట్టిస్తారు. గోడ వైపు ఉన్న 302 వాళ్లు పొద్దున్నే పిల్లను కాలేజీ బస్సెక్కించడానికి వెళ్లాలంటే ముందున్న 401 వాళ్లకు ఫోన్ చేసి లేపాలి. తాళం చెవి వాచ్‌మన్ దగ్గర పెట్టాలా వద్దా అన్నది అసోసియేషన్ మీటింగుల్లో ఏళ్ల తరబడి తేలదు. చివరికి ఇద్దరిలో ఓపిక తక్కువున్న వాళ్లు కారు తీసుకెళ్లి రోడ్డు మీద పెడతారు. రోడ్డు మీద డబ్బులు కట్టక్కర్లేదు, ఎవరినీ లేపక్కర్లేదు. కింద చోటు ఉండి కూడా రోడ్డు నిండటానికి సగం కారణం ఇక్కడుంది.

మిగతా సగం పార్కింగ్ అంతస్తు వేరే పనులకు పోవడం. ప్లానులో పార్కింగ్ అని గీసిన చోట ఆ తర్వాత మందుల షాపు వస్తుంది, టైలర్ వస్తాడు, హాస్టల్ మెస్ వస్తుంది, గోడౌన్ వస్తుంది. కట్టడం పార్కింగ్ కోసమైనా, అద్దెకిస్తే డబ్బులొచ్చేది షాపుకే కాబట్టి చోటు అటు జారుతుంది. అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్ హాస్టళ్లనే చూడండి. వందలాది కోచింగ్ విద్యార్థులు మెట్రోలోనో, సిటీ బస్సులోనో, నడిచో తిరుగుతారు. వాళ్లుండే భవనాలకు కూడా పార్కింగ్ శాతం లెక్కగట్టే ప్లాను ఇస్తారు. అవసరం లేని చోట కట్టించాక అది ఖాళీగా ఉండదు. మున్సిపాలిటీ నోటీసులిస్తుంది, కొన్నాళ్లు మూతపడుతుంది, మళ్లీ తెరుచుకుంటుంది.

దీని మూల్యం ఒక్కోసారి ప్రాణాల్లో చెల్లిస్తున్నాం. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఓ అపార్టుమెంటు కింది అంతస్తులో నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని, పై అంతస్తుల్లో ఉన్నవాళ్లు తొమ్మిది మంది చనిపోయారు. అంతకు ముందు ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఒక లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. తప్పు చేసినవాళ్ల బాధ్యత వాళ్లదే, అందులో సందేహం లేదు. కానీ జనం నిద్రపోయే ఇళ్ల కింద ఓ పెద్ద ఖాళీ అంతస్తును చట్టమే తప్పనిసరి చేసి, అందులో ఏం చేస్తున్నారో చూసే మనిషిని మాత్రం పెట్టకపోవడం ప్రభుత్వం తప్పు. ఈ మాట అనడానికి మొహమాటపడక్కర్లేదు.

స్టిల్ట్‌కు ఇంజినీర్లు భయపడే ఇంకో లక్షణం ఉంది. పైన ప్రతి అంతస్తులో గోడలుంటాయి, కింద మాత్రం ఉత్త పిల్లర్లు. భూమి పక్కలకు ఊగినప్పుడు పై భాగం ఒక్క ముద్దలా కదులుతుంది, ఆ భారమంతా కింది పిల్లర్ల మీద పడుతుంది. 2001 జనవరి 26న గుజరాత్‌లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో అపార్టుమెంట్లు కూలిపోయాయి. వాటిలో చాలావాటికి కింద పార్కింగ్ కోసం వదిలిన ఖాళీ అంతస్తే ఉంది. ఆ తర్వాత భూకంప ప్రమాణాల్లో ఇలాంటి అంతస్తుకు ప్రత్యేక బలం ఇవ్వాలని కఠినం చేశారు. చాలా కాలంగా వాడుతున్న భూకంప పటంలో హైదరాబాద్ రెండో జోన్‌లో, విజయవాడ అంతకంటే ముప్పు ఎక్కువున్న మూడో జోన్‌లో ఉన్నాయి. పిల్లర్లను సరిగ్గా డిజైన్ చేస్తే స్టిల్ట్ ప్రమాదకరం కాదు. కాకపోతే అలా చెయ్యడానికి ఇనుము, కాంక్రీటు ఎక్కువ పడతాయి. ఆ ఖర్చు కూడా పార్కింగ్ ఖాతాలోనే రాయాలి.

సెల్లార్ సంగతి వేరే. హైదరాబాద్‌లో కాస్త తవ్వితే రాయి తగులుతుంది. పక్క ఇంటి పునాదులు కదలకుండా ఆ రాయి పగలగొట్టడమే ఓ యుద్ధం. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపెయ్యమని జీహెచ్‌ఎంసీ ఆదేశాలు ఇస్తూ వచ్చింది, గోతులు కూలిన అనుభవం ఉంది కాబట్టి. 2020 అక్టోబర్ వానలకు సెల్లార్లు చెరువులైపోతే జనం కార్లను వదిలేసి పై అంతస్తుల్లో కూర్చున్నారు.

మరి ఈ ఖర్చంతా ఎవరు కడుతున్నారు? ఫ్లాటు కొన్న ప్రతి ఒక్కరూ, కారున్నా లేకపోయినా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో కారున్నది పన్నెండు, పదమూడు కుటుంబాల్లో ఒకదానికే. స్కూటరో మోటార్ సైకిలో ఉన్నవి దాదాపు సగం. నగరాల్లో, అందులోనూ ఫ్లాట్లు కొనేవాళ్లలో కార్లు అంతకంటే ఎక్కువే ఉంటాయి, నిజమే. అయినా ఆ పది ఇళ్ల భవనంలో ఓ విశ్రాంత ఉపాధ్యాయుల జంట ఉంటుంది, భర్త పోయి ఒంటరిగా ఉండే పెద్దావిడ ఉంటుంది, కొత్తగా పెళ్లై ఒకే స్కూటర్ మీద తిరిగే జంట ఉంటుంది. వీళ్లందరి దగ్గరా పార్కింగ్ డబ్బులు ఫ్లాటు ధరలో కలిపేసి వసూలు చేస్తారు. ప్లేటు మీల్స్ తిన్నవాడికి పక్క టేబుల్ వాళ్ల బిర్యానీ బిల్లు కూడా కలిపి ఇచ్చినట్టే ఉంటుంది. అద్దెకున్నవాళ్లకైతే ఆ సంగతి తెలిసే అవకాశమే లేదు, అద్దెలో కలిసిపోతుంది.

పార్కింగ్‌ను విడిగా అమ్మితే సరిపోతుంది కదా అంటే, అక్కడ చట్టం అడ్డొస్తుంది. ముంబైలో ఒక హౌసింగ్ సొసైటీకీ బిల్డర్‌కూ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. స్టిల్ట్ పార్కింగ్ విడిగా అమ్ముకోదగ్గ గ్యారేజీ కిందికి రాదనీ, అది అందరి ఉమ్మడి చోటనీ, బిల్డర్ దాన్ని విడి ఆస్తిలా అమ్ముకోవడానికి వీల్లేదనీ తేల్చింది. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ఓపెన్ పార్కింగ్‌ను ఉమ్మడి స్థలాల జాబితాలోనే పెట్టింది. కొనుగోలుదారులను బిల్డర్ల దోపిడీ నుంచి కాపాడాలన్న ఉద్దేశం మంచిదే. ఫలితం మాత్రం వేరే వచ్చింది. ఇలాంటి పార్కింగ్‌కు ధర బాహాటంగా పెట్టడానికి లేకపోయేసరికి, అది ఫ్లాటు ధరలోకో, 'ఎమెనిటీస్' (సదుపాయాలు) అనే పద్దులోకో వెళ్లి దాక్కుంది. కారు లేనివాళ్లు 'నాకు వద్దు, ఆ మేరకు తగ్గించండి' అని అడిగే దారి మూసుకుపోయింది.

ఈ నిబంధన మన ఇంట పుట్టింది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రపు కొలంబస్ నగరం 1923లోనే అపార్టుమెంట్లకు పార్కింగ్ తప్పనిసరి చేసింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలా నగరాలు అదే దారి పట్టాయి. దాని ప్రభావాన్ని కొలిచిన ఒక ఉదాహరణ మాత్రం తప్పక చెప్పాలి. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ 1961లో ఒక్కో ఇంటికి ఒక్కో కారు చోటు ఉండాలంది. ఆ తర్వాత కట్టిన అపార్టుమెంట్లను చూస్తే, ఒక్కో ఇంటి నిర్మాణ ఖర్చు 18 శాతం పెరిగింది, ఎకరంలో వచ్చే ఇళ్లు 30 శాతం తగ్గాయి. అదే భూమి, అదే ఊరు, ఇళ్లు మాత్రం తక్కువ. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు డొనాల్డ్ షూప్ ఇలాంటి ఉదాహరణలన్నీ పోగుచేసి, 2025లో చనిపోయేదాకా ఈ విషయం మీదే పనిచేశారు. ఆయన చెప్పినవి మూడు. కనీస పార్కింగ్ నిబంధన ఎత్తెయ్యండి. రోడ్డు మీద పార్కింగ్‌కు తగిన ధర పెట్టండి. ఆ డబ్బును ఆ వీధికే ఖర్చుపెట్టండి. మనవాళ్లు చర్చల్లో మొదటిదాన్ని మాత్రమే పట్టుకుని, ఔననో కాదనో వాదించుకుంటారు. నా దృష్టిలో మిగతా రెండూ లేకుండా మొదటిది మన ఊళ్లలో పనికిరాదు.

ఎందుకంటే నిబంధన ఉండాలనేవాళ్ల వాదనలో అసలు బలం ఇక్కడే ఉంది. మన కాలనీల్లో 20 అడుగులు, 30 అడుగుల రోడ్లే ఎక్కువ. రెండు వైపులా కార్లు నిలిపితే నీళ్ల ట్యాంకర్ రాదు, అంబులెన్స్ మలుపు తిరగలేదు, ఫైరింజన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫుట్‌పాత్ ఎలాగూ లేదు కాబట్టి బడి పిల్లలు కార్ల పక్కగా బైకుల మధ్యలోంచి నడుస్తారు. ఇలాంటి వీధిలో రేపటి నుంచి బిల్డర్ పార్కింగ్ కట్టక్కర్లేదంటే, మిగిలిన డబ్బు ఫ్లాటు ధరలో తగ్గుతుందన్న నమ్మకం లేదు. కొంత బిల్డర్‌కు, కొంత స్థలం యజమానికి పోతుంది. కార్లు రోడ్డెక్కుతాయి. కష్టం మాత్రం పాతకాపులది. వీళ్ల భయం నూటికి నూరుపాళ్లు న్యాయమైనది.

దీనికి జపాన్ కనిపెట్టిన పరిష్కారం నాకు అన్నిటికంటే తెలివైనదిగా అనిపిస్తుంది. 1962లో వాళ్లొక చట్టం చేశారు. కారు కొనాలంటే దాన్ని పెట్టుకోవడానికి చోటుందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. ఆ చోటు సొంతదైనా, అద్దెదైనా ఫరవాలేదు, ఇంటికి రెండు కిలోమీటర్ల లోపుండాలి. రాత్రంతా రోడ్డు మీద కారు వదలడం కుదరదు. చోటు చూసుకునే బాధ్యత కారు కొన్నవాడి మీద పెట్టారు గానీ, ఇల్లు కట్టినవాడి మీద పెట్టలేదు. దాంతో టోక్యో గల్లీల్లో ఇళ్ల మధ్య నాలుగు కార్లు పట్టే చిన్న చిన్న ఖాళీ స్థలాలు నెలసరి అద్దె పార్కింగులుగా మారాయి. కారు లేనివాళ్లు దానికి పైసా కట్టరు. కారున్నవాళ్లకు తమ కారు చోటు ఖరీదెంతో ప్రతి నెలా తెలుస్తుంది. మనదేశంలో మిజోరం ఐజ్వాల్‌లో ఈ తరహా నియమం తెచ్చింది. పార్కింగ్ చోటు చూపిస్తేనే కారు రిజిస్ట్రేషన్ అని మహారాష్ట్ర రవాణా మంత్రి కూడా 2025లో ప్రకటించారు. మన దగ్గర దీన్ని పెడితే దొంగ ధ్రువపత్రాలు పుట్టుకొస్తాయని అనేవాళ్లున్నారు. పుట్టుకొస్తాయి కూడా. కానీ రాత్రి పది తర్వాత రోడ్డు మీద ఉన్న కారుకు చలానా పడటం మొదలైతే దొంగ పత్రం జేబులో ఉన్నా ఉపయోగం ఉండదు. పట్టు అంతా రోడ్డు దగ్గరే ఉంది.

నిబంధన ఎత్తేసిన నగరాల అనుభవం కూడా జనం భయపడినట్టు లేదు. లండన్ 2004లో కనీస సంఖ్యను తీసేసి గరిష్ఠ పరిమితి పెట్టింది. కొత్త ఇళ్లలో సగటున ఇంటికి 1.1గా ఉన్న కార్ల చోటు 0.63కు దిగింది. సున్నా కాలేదు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో 2017లో ఊరంతటా నిబంధన ఎత్తేసింది. ఆ తర్వాత వచ్చిన 36 పెద్ద ప్రాజెక్టులను పరిశోధకులు చూస్తే, పాత కనీసం కంటే తక్కువ కట్టినవి సగానికి కాస్త తక్కువే. మిగతావాళ్లు కొనేవాళ్లు అడుగుతారని తెలిసి ఎప్పటిలాగే కట్టారు. నిబంధన తీసెయ్యడమంటే పార్కింగ్‌ను నిషేధించడం కాదన్నది ఇక్కడ అర్థమవుతుంది. మనవాళ్లు ఎంతోమంది ఉండే టెక్సాస్‌లో, కారు లేకుండా పాలప్యాకెట్ కూడా తెచ్చుకోలేని చోట, ఆస్టిన్ నగరం 2023 నవంబర్‌లో ఈ నిబంధనను పూర్తిగా రద్దు చేసింది. ఇళ్ల ధరలు అందకుండా పోవడం దానికి ఒక ముఖ్య కారణం.

లాస్ ఏంజెలెస్ కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడి డౌన్‌టౌన్‌లో, అంటే నగరం నడిబొడ్డున, పాత ఆఫీసు భవనాలు ఒకప్పుడు దశాబ్దాల పాటు ఖాళీగా పడి ఉండేవి. వాటిని ఇళ్లుగా మార్చాలంటే పార్కింగ్ చూపించాలి, చోటు లేదు. 1999లో నగర పాలకులు ఒక స్థానిక చట్టంతో ఆ భవనాలకు కొత్తగా పార్కింగ్ కట్టక్కర్లేదన్నారు. వేల ఇళ్లు వచ్చాయి. అబిడ్స్, కోఠి, సుల్తాన్ బజార్ చుట్టుపక్కల సగం సగం వాడుతున్న పాత మేడలు ఎన్నున్నాయో ఆ దారిన వెళ్లేవాళ్లందరికీ తెలుసు. మెట్రో పక్కనే ఉంది. చిన్న ఇళ్లుగా మార్చి అద్దెకివ్వడానికి వాటిని మించిన చోటు దొరకదు. కానీ పార్కింగ్ లెక్క దగ్గరే ఆ ఆలోచన ఆగిపోతుంది.

హైదరాబాద్‌లో ఈ లెక్క విపరీతంగా కనిపించేది మరో చివర, కోకాపేట, నార్సింగి వైపు. 2006 నుంచి ఇక్కడ నిర్మాణ విస్తీర్ణానికి పై పరిమితి లేదు. ఎంత ఎత్తు కడితే అంత పార్కింగ్ కాబట్టి, టవర్ కింద నాలుగైదు అంతస్తులు కార్లకే పోతాయి. ఆ కార్లన్నీ పొద్దున తొమ్మిదింటికి ఒకే గేటులోంచి ఒకే రోడ్డు మీదికి వస్తాయి. పార్కింగ్ కట్టించాం, ట్రాఫిక్ సమస్య తీర్చాం అనుకోవడం అక్కడ పూర్తిగా బోల్తా కొట్టింది. చోటు దొరుకుతుందని తెలిస్తే రెండో కారూ వస్తుంది.

అయితే మన ఊళ్లలో ఏం చెయ్యాలి? ఒక్క జీవోతో అంతా మార్చాలనడం నాకు సమ్మతం కాదు. పని మొదలుపెట్టాల్సింది రోడ్డు నుంచే. వార్డు వార్డుకూ ఏ వీధిలో ఏ వైపు, ఎన్ని కార్లు నిలపొచ్చో తెల్ల గీతలు గీసి చెప్పాలి. 30 అడుగుల లోపు వీధుల్లో ఒక వైపు మాత్రమే, ఫైరింజన్ తిరిగే మలుపుల దగ్గర అసలే వద్దు. ఆ గడులకు ఆ వీధివాళ్లకే నెలసరి పాసులు ఇవ్వాలి, ఉచితంగా కాదు. వచ్చిన డబ్బు ఆ వీధి ఫుట్‌పాత్‌కూ, లైట్లకూ ఖర్చయినట్టు బోర్డు పెట్టాలి. కాలిఫోర్నియాలోని పాత పసడీనాలో 1993లో పార్కింగ్ మీటర్లు పెట్టినప్పుడు, ఆ డబ్బు అదే వీధుల బాగుకు వాడతామన్నాకే వ్యాపారులు ఒప్పుకున్నారు. మన కాలనీ సంఘాలు కూడా డబ్బు ఎటుపోతుందో కనిపిస్తే తప్ప ఒప్పుకోవు, ఒప్పుకోకూడదు కూడా.

అది ఓ ఏడాది నడిచిన వార్డుల్లో, మెట్రో స్టేషన్‌కు నడిచి వెళ్లగలిగినంత దూరంలో, 300 గజాల లోపు స్థలాల్లో కార్ల పార్కింగ్‌ను బిల్డర్ ఇష్టానికి వదిలెయ్యొచ్చు. ద్విచక్ర వాహనాల చోటు మాత్రం తప్పనిసరిగా ఉంచాలి, ఎందుకంటే మన ఇళ్లలో నిజంగా ఉన్న బండి అదే, ఒక కారు గడిలో నాలుగైదు పడతాయి. స్టిల్ట్ అక్కర్లేని చోట కింది అంతస్తులో ఇల్లు వస్తుంది. మోకాళ్ల నొప్పులతో లిఫ్టు ఆగిపోయిన ప్రతిసారీ ఇంట్లో బందీ అయ్యే పెద్దవాళ్లు ఎంతమంది ఉన్నారో ఏ అపార్టుమెంటులో అడిగినా చెబుతారు. ఆ ఇల్లు మొదట వాళ్లకే పనికొస్తుంది.

ఫ్లాటును, పార్కింగ్‌ను వేరు చేసే పని చట్టంతోనే అవ్వాలి. ఉమ్మడి చోటు ఉమ్మడిగానే ఉండనివ్వండి, అమ్మొద్దు. అసోసియేషనే కార్ల గడులను నెలకింతని అద్దెకిచ్చి, ఆ డబ్బుతో అందరి మెయింటెనెన్స్ తగ్గించొచ్చు. కారు లేని పెద్దావిడకు నెలకు కొన్ని వందలు కలిసొస్తాయి, రెండు కార్లున్నవాళ్లు రెండింటికీ కడతారు. దీనికి సుప్రీంకోర్టు తీర్పు అడ్డం కాదు, బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమావళిలో, రాసుకుని సర్వసభ్య సమావేశంలో ఆమోదించుకుంటే ఇప్పుడున్న అపార్టుమెంట్లే మొదలుపెట్టొచ్చు. అలాగే కొత్త ప్రాజెక్టుల అమ్మకం ఒప్పందంలో పార్కింగ్‌కు పడిన నిర్మాణ ఖర్చెంతో విడిగా ఒక వరుసలో చూపించాలని రెరా అథారిటీలు షరతు పెట్టాలి. ఆ అంకె కళ్లబడితే, కారు లేనివాళ్లు బేరమాడటం మొదలుపెడతారు.